గంటకు 16 డాలర్ల నిబంధన మెక్సికో కార్మికుడి జీతం ఎందుకు పెంచలేదు?

ప్రశ్న: మెక్సికోలో తయారైన కారు సుంకం లేకుండా అమెరికాకు వెళ్లాలంటే కార్మికుడికి గంటకు 16 డాలర్లు ఇవ్వాలని అమెరికా, మెక్సికో, కెనడాల మధ్య వాణిజ్య ఒప్పందమైన యూఎస్‌ఎంసీఏలో ఉందంటారు. మరి అక్కడి జీతాలు ఆ దరిదాపుల్లోకి కూడా ఎందుకు రాలేదు? నిబంధన అమలు కావడం లేదా? విడిభాగాల ప్లాంటు తన సగటు వేతనం లెక్క తీసేటప్పుడు ఏవి కలపాలి, ఏవి తీసేయాలి?

సమాధానం:

నిబంధన అమల్లోనే ఉంది. అయితే ప్రతి కార్మికుడికీ గంటకు 16 డాలర్లు ఇచ్చి తీరాలని ఒప్పందంలో ఎక్కడా లేదు. కారు తయారీ ఖర్చులో ఫలానా శాతం, సగటు మూల వేతనం గంటకు 16 డాలర్లకు తగ్గని ప్లాంట్ల నుంచి రావాలని మాత్రమే ఉంది. ఆ ప్లాంట్లు మూడు దేశాల్లో ఎక్కడున్నా సరే. అంటే, జీతం పెంచమని మెక్సికో ప్లాంటుకు ఇది చెప్పదు. ఎక్కువ జీతమిచ్చే చోట సరుకు కొనమని కార్ల కంపెనీకి చెబుతుంది. కంపెనీలు కూడా దాన్ని అలాగే అర్థం చేసుకున్నాయి. మెక్సికో ప్లాంట్ల లోపల పరిస్థితిని నిజంగా కదిలించింది అదే ఒప్పందంలోని మరో నిబంధన. అది యూనియన్ ఓటుకు సంబంధించినది. ముందు 16 డాలర్ల లెక్క చూద్దాం.

1994 జనవరి 1 నుంచి నడిచిన పాత వాణిజ్య ఒప్పందం నాఫ్టాలో కార్ల విషయంలో ఒకే పెద్ద షరతు ఉండేది. కారు విలువలో 62.5 శాతం ఉత్తర అమెరికాలో పుట్టాలి, అంతే. అది ఎంత జీతమిచ్చే చోట పుట్టిందన్న ప్రశ్నే లేదు. 2020 జూలై 1న అమల్లోకి వచ్చిన యూఎస్‌ఎంసీఏ ఆ 62.5ని విడతలవారీగా 75 శాతానికి పెంచింది. మొదటి ఏడాది 66తో మొదలై 2023 జూలై నాటికి పూర్తి 75కి చేరింది. ఇంజను, ట్రాన్స్‌మిషన్, బాడీ–చాసిస్, యాక్సిల్, సస్పెన్షన్, స్టీరింగ్, అడ్వాన్స్‌డ్ బ్యాటరీ అనే ఏడు కీలక భాగాలు కూడా స్థానికంగా పుట్టినవే కావాలి. కంపెనీ కొనే స్టీలులో 70 శాతం, అల్యూమినియంలో 70 శాతం ఉత్తర అమెరికావే కావాలి. వీటన్నిటి పైన వచ్చి కూర్చుంది మీరు అడిగిన నిబంధన. దాన్ని లేబర్ వాల్యూ కంటెంట్, వాడుకలో ఎల్‌వీసీ అంటారు. మామూలు కార్లకు 40 శాతం (2020లో 30తో మొదలై 33, 36 మీదుగా 2023లో 40కి వచ్చింది). పికప్‌లకూ భారీ ట్రక్కులకూ 45 శాతం.

కారుకు కావలసిన ఆ 40 శాతం (ఒక్కో శాతం ఒక పాయింటు) మూడు మూటల్లోంచి రావాలి. మొదటిది విడిభాగాలు, తయారీ కూలి. ఇందులోంచి కనీసం 25 పాయింట్లు వచ్చి తీరాలి. రెండోది టెక్నాలజీ. ఆ కంపెనీ ఉత్తర అమెరికాలో పరిశోధన, డిజైన్, ఐటీ ఉద్యోగులకు ఏడాదికి ఇచ్చే వేతనాలు, ప్రొడక్షన్ వేతనాల్లో ఎంత శాతముంటే అన్ని పాయింట్లు, గరిష్ఠం 10. మూడోది అసెంబ్లీ క్రెడిట్. ఏడాదికి లక్ష ఇంజన్లో, లక్ష ట్రాన్స్‌మిషన్లో, 25,000 అడ్వాన్స్‌డ్ బ్యాటరీ ప్యాకులో చేయగలిగిన, సగటు వేతనం 16 డాలర్లు దాటిన ప్లాంటు ఒకటి కంపెనీకి ఉంటే, లేదా అలాంటి ప్లాంటుతో దీర్ఘకాల కాంట్రాక్టు ఉంటే, 5 పాయింట్లు.

ఇక్కడ కాస్త ఆగండి. డెట్రాయిట్ చుట్టుపక్కల పెద్ద ఇంజనీరింగ్ కేంద్రం, ఒహాయోలోనో మిషిగన్‌లోనో ఒక ఇంజను ప్లాంటు ఉన్న కంపెనీకి 15 పాయింట్లు దాదాపు కూర్చున్నచోటే వచ్చేస్తాయి. మెక్సికో కార్మికుడితో ఆ పదిహేనుకు ఏ సంబంధమూ లేదు. ఇక మిగిలింది 25.

దాన్ని అంకెల్లో చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవి, లెక్క పద్ధతి మాత్రం అసలుదే. మెక్సికోలో అసెంబుల్ అయ్యే ఒక కారు నికర ఖర్చు 20,000 డాలర్లు. అందులో 16 డాలర్ల గీత దాటిన ప్లాంట్ల నుంచి కొన్న భాగాల విలువ 4,200 డాలర్లు. అంటే 21 పాయింట్లు. టెక్నాలజీ 10, అసెంబ్లీ 5 కలిపితే 36. నాలుగు తక్కువ. ఖర్చులో నాలుగు శాతమంటే 800 డాలర్లు. ఈ లోటు పూడ్చడానికి కంపెనీ ముందు రెండు దారులుంటాయి.

ఒకటి, తన మెక్సికో అసెంబ్లీ ప్లాంటులో సగటు వేతనాన్ని 16 డాలర్లకు పెంచడం. కారుకు 20 గంటల ప్రత్యక్ష శ్రమ పడుతుందని, ఇప్పుడు గంటకు 5 డాలర్లు ఇస్తున్నారని అనుకోండి. కూలి 100 డాలర్ల నుంచి 320కి పెరుగుతుంది. కారుకు 220 డాలర్లు అదనంగా పెడితే వచ్చేది 320 డాలర్ల విలువ, అంటే 1.6 పాయింట్లు మాత్రమే. లోటు ఇంకా తీరలేదు. రెండో దారి, ఇప్పుడు తక్కువ జీతం ప్లాంటు నుంచి వస్తున్న 900 డాలర్ల భాగాన్ని గీత దాటిన ప్లాంటు నుంచి తెప్పించడం. భాగం ధర కొంత పెరిగినా, ఆ భాగం కొనుగోలు విలువ మొత్తం లెక్కలోకి వస్తుంది. ఒక్క దెబ్బతో 4.5 పాయింట్లు. అసెంబ్లీ ప్లాంటులో కూలి మాత్రమే లెక్కకొస్తుంది, విడిభాగంలో మాత్రం దాని పూర్తి ధర లెక్కకొస్తుంది. ఈ ఒక్క తేడా వల్లే ఏ కొనుగోలు విభాగమైనా రెండో దారినే పట్టింది.

గీత ఎత్తు కూడా చూడాలి. ఒప్పందం అమలుకు రాసుకున్న ఏకరూప నిబంధనల్లో 16 అమెరికన్ డాలర్లకు సమానంగా కెనడాకు 20.88 కెనడియన్ డాలర్లు, మెక్సికోకు 294.22 పెసోలు అని ఖాయం చేశారు. 2025లో మెక్సికో సాధారణ కనీస వేతనం 278.80 పెసోలు. అది గంటకు కాదు, రోజుకు! అప్పటికి ఒక రోజంతటి కనీస వేతనం కన్నా ఒక గంట గీత ఎక్కువగా ఉండేది. ఇంత ఎత్తున గీత గీస్తే దాన్ని ఎక్కడానికి ఎవరూ ప్రయత్నించరు, దాని చుట్టూ తిరిగి వెళతారు. పైగా ఆ పెసో అంకె డాలరుకు 18.39 పెసోల మారకం మీద కట్టినది. 2023 మధ్యలో పెసో బలపడి 17 దగ్గరికి వచ్చినప్పుడు అదే 294.22 దాదాపు 17.3 డాలర్లయింది. అంటే మెక్సికో ప్లాంటుకు గీత ఇంకాస్త పైకి జరిగినట్టే.

ఇక మీ రెండో ప్రశ్న, ప్లాంటు సగటు ఎలా తీయాలి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి దీన్ని నిదానంగా చదవండి.

సగటు అంటే ప్రత్యక్షంగా ఉత్పత్తిలో ఉన్నవాళ్లందరికీ ఆ కాలంలో ఇచ్చిన మూల వేతనాన్ని, వాళ్లు పనిచేసిన మొత్తం గంటలతో భాగించడం. లైను మీద పనిచేసేవాళ్లు, యంత్రాల మరమ్మతు చేసేవాళ్లు, నాణ్యత తనిఖీ చేసేవాళ్లు, లైనుకు సామాను అందించేవాళ్లు ఇందులోకి వస్తారు. మేనేజర్లు, ఇంజనీర్లు, పరిశోధన సిబ్బంది రారు. వాళ్ల జీతాలు కలిపి సగటు పెంచుకోవడం కుదరదు. మెక్సికోలో ఏడాది చివర ఇచ్చే అగినాల్దో, లాభాల్లో వాటా, సరుకుల కూపన్లు, ఆరోగ్య బీమాకు యజమాని కట్టే వాటా, ఇవన్నీ చేతికందే ఆదాయమే కావచ్చు కానీ ఇక్కడ సున్నా. మూల వేతనం ఒక్కటే లెక్క.

ఓవర్‌టైము దగ్గర చాలామంది జారిపడతారు. గంటకు 15.50 డాలర్ల రేటు మీద వారానికి 50 గంటలు పనిచేసిన మనిషికి చివరి 10 గంటలకు ఒకటిన్నర రెట్లు ఇస్తారు. పేరోల్ మొత్తం 852.50 డాలర్లు, దాన్ని 50తో భాగిస్తే 17.05. పేరోల్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకె అదే. కానీ ఓవర్‌టైములోని అదనపు సగం మూల వేతనం కాదు. అది తీసేస్తే మళ్లీ 15.50కే వస్తాం. 17 దాటామనుకున్న ప్లాంటు నిజానికి గీత కింద ఉంది. షిఫ్టు అలవెన్సు, సెలవు రోజు అదనం విషయంలోనూ ఇదే సూత్రం.

రెండో పెద్ద తప్పు ఏజెన్సీ కార్మికులను వదిలేయడం. వాళ్ల జీతం వేరే సంస్థ ఇస్తోంది కదా అని లెక్కలోంచి తీసేస్తారు. నిబంధన మాత్రం ఆ ప్లాంటులో ప్రత్యక్ష ఉత్పత్తి పని చేసే ప్రతి ఒక్కరినీ కలపమంటుంది. తాత్కాలికులైనా, సీజను కోసం తీసుకున్నవాళ్లైనా, చెక్కు మీద ఎవరి పేరున్నా సరే. ఉదాహరణకు ఒక ప్లాంటులో 17.20 డాలర్ల మీద 200 మంది పర్మనెంటు, 12 డాలర్ల మీద 60 మంది ఏజెన్సీవాళ్లు ఉన్నారు. అందరూ సమానమైన గంటలు పనిచేస్తే సగటు సరిగ్గా 16.00. ఆర్డరు పెరిగిందని మరో 10 మందిని 12 డాలర్లకే తీసుకున్నారు. సగటు 15.85కి దిగింది. ఆ 15 సెంట్లతో ప్లాంటు సరుకు విలువ కొంచెం తగ్గడం ఉండదు, మొత్తంగా పోతుంది. నిన్నటివరకు నూటికి నూరు లెక్కకొచ్చిన భాగం ఈరోజు నుంచి సున్నా. మెట్లు లేవు, ఒకే గోడ. అందుకే గీతకు దగ్గరలో ఉన్న సప్లయరు 16.00 మీద కూర్చోకుండా కనీసం 50, 60 సెంట్ల జాగా ఉంచుకోవడం మంచిది. కొత్తవాళ్లను తీసుకునే ముందు హెచ్ఆర్‌వాళ్లు కస్టమ్స్ పని చూసేవాళ్లను అడగాలి. చాలా చోట్ల ఈ రెండు విభాగాలూ ఏడాదికి ఒకసారి కూడా మాట్లాడుకోవు.

సగటు ఏ కాలానికి తీస్తున్నారో ముందే తేల్చుకుని ఆ కాలానికే కట్టుబడండి. పేరోల్, హాజరు రికార్డులు అయిదేళ్లు దాచాలి. తనిఖీలో కస్టమ్స్‌తో పాటు అమెరికా కార్మిక శాఖ వేతన విభాగం కూడా వస్తుంది. వాళ్లు అడిగేది సగటు అంకె ఒక్కటే కాదు, దాని వెనక ఉన్న గంటలు. గంటల రికార్డు లేకుండా నెలజీతాన్ని 160తో భాగించి ఇచ్చిన అంకె నిలబడదు.

ఇంత శ్రమపడి నిబంధన పాటించాలా వద్దా అన్నది సుంకం మీద ఆధారపడుతుంది. ఒప్పందం కింద అర్హత లేని మామూలు కారుకు అమెరికా సాధారణ సుంకం 2.5 శాతం. 25,000 డాలర్ల కారుకు 625 డాలర్లు. సరఫరా గొలుసు మొత్తం మార్చడం అంతకన్నా ఖరీదైతే కంపెనీ 625 కట్టేసి ఊరుకుంటుంది. 2020 తర్వాత కొన్ని మోడళ్ల విషయంలో జరిగింది ఇదే. పికప్ కథ పూర్తిగా వేరు. దాని మీద 1960ల నుంచి 25 శాతం సుంకం ఉంది. 40,000 డాలర్ల పికప్‌కు 10,000. అంత సుంకం కట్టి ఎవరూ అమ్మలేరు, కాబట్టి పికప్ తయారీదారులు కాగితాలన్నీ సరిగ్గా ఉంచుకుంటారు. 2025 ఏప్రిల్ 3 నుంచి అమెరికా జాతీయ భద్రత పేరుతో దిగుమతి కార్లన్నిటి మీదా 25 శాతం వేసింది. దాంతో మామూలు కారు లెక్క కూడా తలకిందులైంది. ఒప్పందం కింద అర్హత ఉన్న కారైతే అమెరికాలో పుట్టని విలువ మీదే ఆ 25 శాతం పడేలా వెసులుబాటు ఇచ్చారు. 25,000 డాలర్ల కారులో 40 శాతం అమెరికా సరుకైతే, అర్హత ఉంటే 3,750 డాలర్లు, లేకపోతే పాత 2.5తో కలిపి 6,875. తేడా 625 నుంచి 3,125కి పెరిగింది. ఎల్‌వీసీ సర్టిఫికెట్లు ఇమ్మన్న అభ్యర్థనలు సప్లయర్ల మీదికి వరదలా రావడానికి కారణం ఇదే.

ఇప్పుడు ఓటు సంగతి. నన్నడిగితే ఒప్పందంలో ఎక్కువ గౌరవించాల్సింది ఈ భాగాన్నే.

మెక్సికోలో దశాబ్దాలుగా నడిచిన పద్ధతి ఇది: ప్లాంటు గేటు తెరవకముందే యజమాని, అతనికి నచ్చిన యూనియన్ నాయకుడు కలిసి సామూహిక ఒప్పందం (జీతాలు, పని షరతుల మీద కార్మికులందరికీ వర్తించేది) రాసుకుని రిజిస్టరు చేసేవాళ్లు. వీటిని అక్కడ కాంట్రాతో దె ప్రొతెక్సియోన్ అంటారు. రక్షణ కార్మికుడికి కాదు, యజమానికి. తనకొక యూనియన్ ఉందన్న సంగతే తెలియని కార్మికులుండేవారు. నాఫ్టాకు అనుబంధంగా ఉన్న కార్మిక ఒప్పందం కింద ఎన్నో ఫిర్యాదులు వచ్చాయి, ఒక్కటీ మంత్రుల స్థాయి చర్చలు దాటలేదు, ఒక్కరికీ జరిమానా పడలేదు. గ్వాటెమాలా మీద అమెరికా మరో ఒప్పందం కింద పెట్టిన కేసు ఏళ్ల తరబడి నడిచి, ఉల్లంఘన వాణిజ్యాన్ని ప్రభావితం చేసిందని నిరూపించలేదంటూ 2017లో వీగిపోయింది. యూఎస్‌ఎంసీఏ రాసినవాళ్లు ఈ రెండు అనుభవాలనూ ముందు పెట్టుకున్నారు. మొదట మెక్సికో చట్టమే మారాలన్నారు. 2019 మే 1 సంస్కరణతో ప్రతి పాత సామూహిక ఒప్పందాన్నీ 2023 మే 1 లోపు కార్మికుల రహస్య ఓటుకు పెట్టాల్సి వచ్చింది, లేకపోతే రద్దు. ఆ తర్వాత దేశం మీద కాకుండా నేరుగా ఒక ప్లాంటు మీద ఫిర్యాదు చేసే ర్యాపిడ్ రెస్పాన్స్ యంత్రాంగం పెట్టారు.

దాని గడువులు చిన్నవి. ఫిర్యాదు అందాక అమెరికా కమిటీకి 30 రోజులు. ఆధారం ఉందనిపిస్తే మెక్సికోను సమీక్ష కోరుతుంది. ఒప్పుకోవాలో వద్దో చెప్పడానికి మెక్సికోకు 10 రోజులు, సమీక్ష పూర్తికి 45. సమీక్ష కోరిన క్షణం నుంచే ఆ ప్లాంటు సరుకు మీద కస్టమ్స్ ఖాతాల తుది పరిష్కారాన్ని ఆపేయవచ్చు. అంటే సుంకం ఎంత పడుతుందో తెలియకుండా ఒక్కో లారీ సరిహద్దు దాటుతుంటుంది. ప్లాంటు మేనేజరు కన్నా ముందు కంపెనీ ఫైనాన్స్ అధిపతికి నిద్ర పట్టదు. ఉల్లంఘన తేలితే సుంకం రాయితీ పోతుంది. పదే పదే జరిగితే సరుకు రానివ్వకపోవడం దాకా వెళుతుంది.

దీని మొదటి కేసు జనరల్ మోటార్స్ సిలావ్ ప్లాంటు, గ్వానహ్వాతో రాష్ట్రం. అక్కడ తయారయ్యేవి పికప్‌లు. పైన చెప్పిన 25 శాతాన్ని గుర్తు పెట్టుకోండి. 2021 ఏప్రిల్‌లో పాత సామూహిక ఒప్పందం మీద ఓటింగు జరుగుతుండగా బ్యాలెట్లు నాశనమైనట్టు బయటపడి, ఓటింగు మధ్యలో ఆగిపోయింది. మే 12న అమెరికా తనంతట తానే సమీక్ష కోరింది. ఆగస్టు 17, 18 తేదీల్లో పరిశీలకుల సమక్షంలో మళ్లీ ఓటింగు జరిగింది. 3,214 మంది ఆ ఒప్పందం వద్దన్నారు, 2,623 మంది కావాలన్నారు. 2022 ఫిబ్రవరిలో జరిగిన ఎన్నికలో సింటియా అనే స్వతంత్ర యూనియన్ దాదాపు 78 శాతం ఓట్లతో గెలిచింది. మే నెలలో 8.5 శాతం పెంపుతో కొత్త ఒప్పందం కుదిరింది. మొత్తం ఏడాది పట్టింది. నాఫ్టా 26 ఏళ్లలో ఇలాంటిది ఒక్కటి కూడా జరగలేదు.

అలాగే మతామోరోస్‌లోని ట్రైడోనెక్స్ విడిభాగాల ప్లాంటు 2021 ఆగస్టు ఒప్పందం కింద 154 మంది మాజీ కార్మికులకు ఆరు లక్షల డాలర్లకు పైగా చెల్లించడానికి ఒప్పుకుంది. రెయ్‌నోసాలోని పానాసోనిక్ ఆటోమోటివ్ ప్లాంటులో 2022లో కొత్త యూనియన్‌తో 9.5 శాతం పెంపు వచ్చింది. సాన్ లూయిస్ పొతోసీలోని గుడ్‌ఇయర్ టైర్ల ప్లాంటు రబ్బరు పరిశ్రమ అంతటికీ వర్తించే సామూహిక ఒప్పందాన్ని అమలు చేయలేదని తేలి, వెయ్యి మందికి పైగా కార్మికులకు 42 లక్షల డాలర్లకు పైగా బకాయిలు కట్టింది.

ఈ శాతాలు చూసి 16 డాలర్లకు దగ్గరవుతున్నారని అనుకోకండి. 5 డాలర్లకు 8.5 శాతం కలిపితే 5.43. మార్పు అంకెలో కన్నా, వచ్చే ఏడాది మళ్లీ బేరం చేయగల మనిషి బల్లకు అవతల కూర్చున్నాడన్న దాంట్లో ఉంది. మరో మాట కూడా న్యాయంగా చెప్పాలి. అడుగున ఉన్న జీతాల పెరుగుదలలో పెద్ద వాటా మెక్సికో ప్రభుత్వం కనీస వేతనాన్ని పెంచడానిదే. 2018లో రోజుకు 88.36 పెసోలున్నది 2025కి 278.80 అయింది. వాణిజ్య ఒప్పందానికి ఆ ఘనత కట్టబెట్టకూడదు.

ఫిర్యాదు వేయాలనుకునేవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. జీతం తక్కువ, ఓవర్‌టైము ఇవ్వలేదు, పని ప్రమాదకరంగా ఉంది, ఇవి ఎంత నిజమైనా వాటంతట అవే ఈ యంత్రాంగం కిందికి రావు. సంఘం పెట్టుకునే హక్కు, సామూహికంగా బేరమాడే హక్కు, ఈ రెంటికి భంగం కలిగిందని చూపాలి. యూనియన్ కరపత్రం పంచినందుకు తీసేశారు, ఒప్పందం కాపీ ఓటుకు ముందు ఇవ్వలేదు, సూపర్‌వైజరు ఫలానా యూనియన్‌కే వేయమన్నాడు, ఇలా తేదీలతో, పేర్లతో, ఫొటోలతో ఉంటే 30 రోజుల గడువులో కమిటీ కదలగలదు. ప్లాంటు సరుకు రెండు దేశాల మధ్య వాణిజ్యంలో ఉందని చూపే ఇన్‌వాయిస్ ఒక్కటి జతచేస్తే ఇంకా మంచిది.

దీని పరిమితి కూడా దాచకూడదు. పియెద్రాస్ నెగ్రాస్‌లో కార్ల లోపలి భాగాలు చేసే వీయూ మాన్యుఫాక్చరింగ్ మీద రెండుసార్లు కేసు నడిచింది. కార్మికులు తమకు కావలసిన యూనియన్‌ను ఓటు వేసి గెలిపించుకున్నారు. ఒప్పందం మాత్రం కుదరలేదు. 2023లో ప్లాంటే మూతపడింది. పెద్ద అసెంబ్లీ ప్లాంటు పెట్టేబేడా సర్దుకుని వెళ్లలేదు, దాని చుట్టూ వందల కోట్ల యంత్రాలుంటాయి. కుట్టు మిషన్లు, అచ్చులు ఉన్న చిన్న సప్లయరు వెళ్లగలడు. సుంకం శిక్ష నిలబడి ఉన్న ప్లాంటునే భయపెడుతుంది, మూసేసి పోయేవాడిని ఏమీ చేయలేదు. మూతపడ్డ ప్లాంటు కార్మికుల బకాయిలకు ఆ సరుకు కొన్న పెద్ద కంపెనీని కూడా బాధ్యుణ్ణి చేయకపోతే ఈ రంధ్రం పూడదు.

ఒప్పందం 34.7 అధికరణం ప్రకారం మూడు దేశాల ఉమ్మడి సమీక్షకు పెట్టిన తేదీ 2026 జూలై 1. కార్మికుల వైపు నుంచి చూసేవాళ్లు ఆ చర్చల్లో రెండు అంకెలను పట్టుకోవాలి. ఒకటి ఆ 16. 2020 నుంచి ధరలు ఎంత పెరిగినా అది కదల్లేదు, ధరలను బట్టి పెరిగే ఏర్పాటూ లేదు. అమెరికాలో గీత దాటడం ఏటా తేలికవుతోంది, మెక్సికోలో మాత్రం ఇప్పటికీ అందనంత ఎత్తులోనే ఉంది. రెండోది మెట్లు. గంటకు 7 డాలర్లిచ్చే ప్లాంటు సరుకులో కొంత శాతం, 10 డాలర్లిచ్చే ప్లాంటు సరుకులో ఇంకొంత శాతం లెక్కకొచ్చేలా రాస్తే, 5 నుంచి 7కి పెంచడానికి కంపెనీకి మొదటిసారి ఒక కారణం దొరుకుతుంది. ఇప్పుడున్న గోడ పద్ధతిలో 5 ఇచ్చినా 15.99 ఇచ్చినా ఒకటే సున్నా.